నాయన కుడి చెయ్యి మళ్ళీ వస్తుందా? తల మీద మాగ్నెట్ పెట్టి చూస్తామంటున్నారు

నగరి_మగ్గం · సోమవారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది నగరి. మా నాయనకు 58 ఏళ్ళు. ఊహ తెలిసినప్పటి నుంచీ మగ్గాల మీదే బతికాడు, ఇప్పుడు పవర్‌లూమ్. పోయిన బుధవారం తెల్లవారి తెగిన పడుగు పోగు అతుకుతూ ఉంటే దారం చేతిలోంచి జారిపోయిందంట. మళ్ళీ తీసుకున్నాడు, మళ్ళీ జారింది. మూడోసారి చెయ్యే లేవలేదు. నోరు కొంచెం పక్కకు పోయి, మాట ముద్దగా వచ్చింది.

మేము మొదట తీసుకుపోయిన చోట గ్యాస్ అన్నారు, బీపీ అన్నారు, గంటల తరబడి కూర్చోబెట్టారు. అక్కడి నుంచి తిరుపతి చేరేసరికి గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు టైం దాటిపోయింది. నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలంట. ఆ సంగతి మాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

ఇప్పుడు ప్రాణానికి భయం లేదు. కాలు కొంచెం కదులుతోంది. చెయ్యి మాత్రం పక్కన పెట్టిన వస్తువు మాదిరి పడి ఉంది. ఈరోజు డాక్టర్ గారు టీఎంఎస్ అనే పరీక్ష చేద్దాం అన్నారు. తల మీద మాగ్నెట్ కాయిల్ పెట్టి, చేతికి సిగ్నల్ పోతోందా లేదా చూస్తారంట. దాన్ని బట్టి చెయ్యి ఎంతవరకు వస్తుందో అంచనా వేయొచ్చంట. మా పెద్దనాయన ససేమిరా అంటున్నాడు. తలకు కరెంటు పెడితే ఉన్నది కూడా పోతుందని ఆయన భయం. ఇక్కడ ఎవరైనా చేయించుకున్నారా? రేపు పొద్దునకల్లా చెప్పాలి.

మోడరేటర్ · రాత్రి 10:35

ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు రాయకుండా మాట్లాడుకుందాం. చెల్లెమ్మా, ధైర్యంగా ఉండు. తెలిసినవాళ్ళు ఉన్నారు, చెబుతారు.

తిరుపతి_ఫిజియో · రాత్రి 10:58

అమ్మా, ముందు రెండు విషయాలు చూసి చెప్పు. ఒకటి, మీ నాయన కుడి చేతిని భుజం దగ్గర నుంచి పక్కకు ఎత్తగలుగుతున్నాడా? పైకి కాదు, రెక్క విప్పినట్టు పక్కకు. రెండు, మూసిన వేళ్ళను తెరవగలుగుతున్నాడా? ముడవడం కాదు, తెరవడం.

ఈ రెండింటికీ బలాన్ని బట్టి 0 నుంచి 5 దాకా మార్కులు వేస్తాం. కండరం అసలు పలక్కపోతే 0. కదలిక లేకుండా కండరం చేతి కింద అదిరినట్టు తెలిస్తే 1. మంచం మీద ఆనించి జరపగలిగితే 2. ఆనింపు లేకుండా చేతి సొంత బరువును ఎత్తగలిగితే 3. మామూలు బలం ఉంటే 5. రెండూ కలిపి 10. దీన్ని సేఫ్ స్కోర్ అంటారు. పక్షవాతం వచ్చిన మూడో రోజుకు ఇది 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, సాధారణంగా మాగ్నెట్ పరీక్ష అక్కర్లేదు. చెయ్యి బాగా వచ్చే అవకాశం ఉందని అక్కడే తెలిసిపోతుంది. 5 కంటే తక్కువ ఉన్నవాళ్ళకే ఆ పరీక్ష పనికొస్తుంది.

ఇంకో మాట. ఆయన్ను లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని ఎవ్వరూ లాగొద్దు. భుజం కండరాలు వదులైపోయి ఉంటాయి, కీలు కిందికి జారుతుంది. తర్వాత వచ్చే భుజం నొప్పే కసరత్తులకు పెద్ద అడ్డం. కూర్చున్నప్పుడు చెయ్యి కింద దిండు పెట్టండి.

నగరి_మగ్గం · రాత్రి 11:15

చూశానన్నా. భుజం పక్కకు ఎత్తమంటే కదల్లేదు, కానీ చెయ్యి పెట్టి చూస్తే కండరం కొంచెం అదిరినట్టు ఉంది. వేళ్ళు అస్సలు లేదు. నాయన వేళ్ళ వైపే చాలాసేపు చూసి కళ్ళు మూసుకున్నాడు.

న్యూరో_పీజీ_తిరుపతి · రాత్రి 11:40

అంటే స్కోరు 1. మీ డాక్టర్ గారు సరిగ్గానే అడిగారు. ఈ పరీక్షకు మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా సరైన సమయం, మీరు ఐదో రోజులో ఉన్నారు.

మీ పెద్దనాయన గారి భయం నాకు అర్థమవుతుంది. మా వార్డులో కూడా చాలామంది షాక్ ట్రీట్‌మెంట్ అనుకుంటారు. అది వేరు, ఇది వేరు. ఇందులో తలకు వైర్లు తగిలించరు, మత్తు ఇవ్వరు, సూది కూడా గుచ్చరు. ప్లాస్టిక్ తొడుగులో 8 అంకె ఆకారంలో ఒక కాయిల్ ఉంటుంది. దాన్ని తల మీద ఆనిస్తారు. అందులో క్షణకాలం, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, కరెంటు పారుతుంది. దాంతో పుట్టిన అయస్కాంత క్షేత్రం పుర్రెను దాటి, లోపల చేతిని కదిలించే చోట నరకణాలను తట్టి లేపుతుంది. ఆ సందేశం మెదడు నుంచి వెన్నుపాములోకి, అక్కడి నుంచి చేతికి దిగాలి. బాగున్న మనిషిలో సుమారు సెకనులో యాభయ్యో వంతులో చేతి కండరానికి చేరుతుంది. కండరం మీద అతికించిన స్టిక్కర్లు దాన్ని పట్టి తెర మీద అలలా చూపిస్తాయి. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథనీ బార్కర్ బృందం మొదటిసారి ఇలా చేసి చూపించింది. నలభై ఏళ్ళ నాటి పద్ధతి, కొత్త ప్రయోగం కాదు.

చేయకూడనివాళ్ళు ఉన్నారు. తలలో ఇనుప క్లిప్పు గానీ, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ గానీ, గుండెకు పేస్‌మేకర్ గానీ ఉంటే ముందే చెప్పండి. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా అన్నది కూడా దాచొద్దు. ఒక్కొక్క దెబ్బగా చేసే ఈ పరీక్షలో ఫిట్స్ రావడం చాలా అరుదు, అయినా అడగకుండా ఎవరూ చేయరు.

తిరుపతి_ఫిజియో · రాత్రి 11:52

మగ్గం ఇంట్లో పుట్టిన బిడ్డవి కాబట్టి ఇలా చెబుతా. మగ్గం ఆగిపోయింది. మోటారు తిరగక ఆగిందా, మోటారుకూ మగ్గానికీ మధ్య బెల్టు తెగి ఆగిందా, బయట నుంచి చూస్తే తెలీదు. రెండూ ఒకేలా నిలబడి ఉంటాయి. ఈ పరీక్షలో మనమే మోటారును ఒక్క చుట్టు తిప్పి చూస్తాం. మగ్గం కాస్త కదిలితే బెల్టు ఉన్నట్టే. మంచం మీద ఒకేలా పడి ఉన్న రెండు చేతుల్లో ఒకటి మూడు నెలల్లో గ్లాసు పట్టుకుంటుంది, ఇంకొకటి పట్టుకోదు. ఐదో రోజు నా కళ్ళతో ఆ తేడా నేను చెప్పలేను. ఈ పరీక్ష చెప్పగలదు.

పలమనేరు_రైతు · మంగళవారం ఉదయం 5:30

అమ్మా, పెద్దవాణ్ణి, ఒక మాట చెబుతా. మా వైపు పక్షవాతానికి ఆకు మందు ఇస్తారు. ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వస్తారు. మా బావమరిది అక్కడికి పోయి వచ్చాక నడిచాడు. ఎముక విరిగితే పుత్తూరు కట్టు ఎట్లనో, దీనికి ఇది అట్ల. మిషన్లన్నీ ఎందుకు?

తిరుపతి_ఫిజియో · ఉదయం 6:10

పెద్దాయనా, మీ బావమరిది నడిచినందుకు సంతోషం. మీ మాటకు ఎదురు చెప్పడం నా ఉద్దేశం కాదు. పక్షవాతంలో మొదటి వారాల్లో మెదడు తనంతట తానే చాలావరకు కోలుకుంటుంది. ఆ సమయంలో ఏ మందు తిన్నా, దాని వల్లే వచ్చిందనిపిస్తుంది. నాకు భయమల్లా వేరే. పథ్యం పేరుతో బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు ఆపేసి వెళ్ళినవాళ్ళకు రెండోసారి వచ్చింది, నేను చూశాను. రెండోసారి వచ్చినప్పుడు ఏ చేయీ మిగల్లేదు. ఎక్కడికి పోయినా ఆ మాత్రలు ఆపకండి, అంతే నేను కోరేది.

రేణిగుంట_రైల్వే · ఉదయం 7:45

నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను, కోపగించుకోవద్దు. మా తమ్ముడికి 46 ఏళ్ళప్పుడు స్ట్రోక్ వచ్చింది. ఒక డాక్టరు వరండాలో నిలబడి, వాడికి వినపడేలా, ఈ చెయ్యి ఇక రాదు అనేసి పోయాడు. ఆ రోజు నుంచి వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఫిజియో వస్తే దుప్పటి కప్పుకునేవాడు. చెయ్యి రాలేదు, నిజమే. కానీ కాలు వచ్చేది కదా. అదీ బిగుసుకుపోయింది. ఇట్లాంటి పరీక్ష చేసి, లేదు అని తేలితే ఆ మనిషి ఏం కావాలి? తెలియకుండా ఉండటమే మేలు కాదా?

గంగమ్మ_బిడ్డ · ఉదయం 8:30

అన్నా, మీ తమ్ముడికి జరిగింది చదివి ఏడుపొచ్చింది. మా అమ్మకు ఆ "లేదు" వచ్చింది. అందుకే రాస్తున్నా.

రెండేళ్ళ కిందట చెన్నైలో చేశారు. ఎన్నిసార్లు తట్టినా తెర మీద గీత గీతలాగే ఉంది. కానీ అక్కడి డాక్టరమ్మ అమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. చెయ్యి పట్టుకునే చెప్పింది, ఈ చెయ్యి మునుపటిలా పని చేసే అవకాశం తక్కువమ్మా, మనం ఎడమ చేతికి పని నేర్పుదాం, ఈ చెయ్యి నొప్పి లేకుండా, బిగుసుకోకుండా చూసుకుందాం అని. అమ్మ ఆ రాత్రి ఏడ్చింది. పొద్దున లేచి, ఎడమ చేత్తో జాకెట్టు హుక్కు పెట్టుకోవడం ఎలాగో చూపించమంది.

మేము ఊరికి పోయేలోపే బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీ వేయించాం. చీర బదులు నైటీ, ముందు వైపు బటన్లు. కూరగాయలు కదలకుండా పలకకు రెండు మేకులు కొట్టి, దానికి గుచ్చి ఒంటి చేత్తో తరుక్కుంటుంది. తెలియకుండా ఉండి ఉంటే ఆరు నెలలు ఆ కుడి చేతి కోసమే ఎదురుచూస్తూ, డబ్బులు పోస్తూ ఉండేవాళ్ళం. కిందటి జాతరకు మా ఇంట్లో పొంగలి అమ్మే కలిపింది, ఎడమ చేత్తో.

తప్పు పరీక్షది కాదన్నా. వరండాలో నిలబడి చెప్పినవాడిది.

రేణిగుంట_రైల్వే · ఉదయం 8:50

నిజమేనమ్మా. కుర్చీ వేసుకుని కూర్చుని చెప్పేవాళ్ళు మాకు దొరకలేదు.

చంద్రగిరి_కోడలు · ఉదయం 9:20

ఇదే మాగ్నెట్‌తో ట్రీట్‌మెంట్ కూడా చేస్తారు కదా? మా మామగారికి ఒక ప్రైవేటు సెంటర్‌లో 20 సిట్టింగ్‌లు పెడితే చెయ్యి వచ్చేస్తుందన్నారు. నగలు తాకట్టు పెట్టి కట్టాం. ఏమీ తేడా తెలియలేదు. అడిగితే ఇంకో పది అన్నారు. దయచేసి ఎవరైనా నిజం చెప్పండి.

న్యూరో_పీజీ_తిరుపతి · మధ్యాహ్నం 2:15

డ్యూటీలో ఉండి ఆలస్యమైంది. చంద్రగిరి అక్కా, ఇది అందరూ తెలుసుకోవాల్సిన తేడా. ఇక్కడ మనం మాట్లాడుతున్నది ఒక్కొక్క దెబ్బ కొట్టి దారి ఉందా లేదా చూసే పరీక్ష. మీరు చెప్పినది వందల దెబ్బలు వరుసగా కొట్టి మెదడును మార్చాలని చేసే చికిత్స. డిప్రెషన్‌కు దాన్ని 2008లో అమెరికాలో అనుమతించారు, అక్కడ దానికి విలువ ఉంది. పక్షవాతంలో చెయ్యి రావడానికి మాత్రం పరిశోధనలు ఇంకా నడుస్తున్నాయి. 2018లో అమెరికాలో వెలువడిన "నిచే" (NICHE) అనే పెద్ద ట్రయల్‌లో నిజమైన మాగ్నెట్ పెట్టినవాళ్ళూ, ఉత్తుత్తి మాగ్నెట్ పెట్టినవాళ్ళూ దాదాపు ఒకేలా మెరుగయ్యారు. రెండు గుంపులకూ చేయించిన కసరత్తు ఒకటే. "20 సిట్టింగ్‌ల్లో ఖాయం" అనే మాట ఎవరూ అనకూడదు. మీ నగలు తాకట్టులో ఉన్నాయని చదివి నాకు చాలా బాధ కలిగింది.

ఇక అంచనా సంగతి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో క్యాథీ స్టినియర్ బృందం 2012లో ఒక పద్ధతి ప్రచురించి, 2017లో దాన్ని తేలిక చేసి ప్రెప్2 అని మళ్ళీ ఇచ్చింది. మూడో రోజు భుజం, వేళ్ళ స్కోరు. అది 5 కంటే తక్కువైతే మాగ్నెట్ పరీక్ష. కండరంలో అల కనిపిస్తే మూడు నెలలకు చెయ్యి "బాగు" అనే తరగతిలోకి వస్తుందని అంచనా. అంటే చాలా రోజువారీ పనులు ఆ చేత్తో చేసుకోగలరు, కానీ కొంత నెమ్మది, కొంత బలహీనత, వేళ్ళ నైపుణ్యంలో కొంత లోటు ఉంటుంది. అల లేకపోతే స్ట్రోక్ మొత్తం తీవ్రతను చూసి, కొద్దిపాటి కదలికేనా, అసలు తక్కువా అని చెబుతారు.

ఇది నలుగురిలో ముగ్గురికి సరిపోయింది. నాలుగో మనిషికి తప్పింది. ఆ సంగతి చెప్పకుండా అంచనా చెప్పడం అన్యాయం. పైగా ఇది చేతికి మాత్రమే. మాట, నడక, మింగడం గురించి ఇది ఏమీ చెప్పదు. చెయ్యి రాని మనిషి చక్కగా నడవొచ్చు. రేణిగుంట అన్న తమ్ముడికి ఎవరో ఒకరు ఆ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

నా మనసులో చాలాకాలంగా ఉన్నది ఇప్పుడు రాస్తాను. మాగ్నెట్ మిషన్ ప్రతి ఊళ్ళో ఉండదు. కానీ ప్రెప్2లో ముగ్గురిలో ఇద్దరికి మిషనే అక్కర్లేదు. భుజం, వేళ్ళు చూడటానికి కావలసింది ఒక మనిషి, ఒక నిమిషం. నెదర్లాండ్స్‌లో 2010లో వచ్చిన అధ్యయనంలో, స్ట్రోక్ వచ్చిన 72 గంటల్లోపు వేళ్ళు కొంచెం తెరిచి, భుజం కొంచెం పక్కకు ఎత్తినవాళ్ళలో ఆరు నెలలకు చేతిలో ఎంతో కొంత నైపుణ్యం వచ్చే అవకాశం 98 శాతం. రెండూ లేనివాళ్ళలో 25 శాతం. ఇంత విలువైన నిమిషం మన కేస్‌షీట్లలో ఎక్కడా కనిపించదు. "కుడి వైపు బలహీనత" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తాం. నేను కూడా అలా రాసినవాణ్ణే. మూడో రోజు భుజానికి ఎంత, వేళ్ళకు ఎంత అని రెండు అంకెలు రాస్తే, డిశ్చార్జ్ అయి పీలేరు పోయినా, వేలూరు పోయినా అక్కడి ఫిజియోకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఆక్లాండ్‌లో ఈ అంచనా చేతిలో పెట్టుకుని పనిచేసినప్పుడు రోగులు సుమారు ఒక వారం ముందే ఇళ్ళకు పోయారు, చేతులు ఏమీ తగ్గలేదు. మనకు ఒక వారం మంచం అంటే ఎంతో, బయట చెట్టు కింద పడుకునే రోగుల బంధువులను అడగండి.

మీ మనిషి ఆసుపత్రిలో ఉంటే, మీరే అడగండి. మూడో రోజు స్కోరు ఎంత అని. మాలో కొందరం విసుక్కోవచ్చు. అయినా అడగండి.

నగరి_మగ్గం · మంగళవారం రాత్రి 9:05

చేశారు. పెద్దనాయనకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఆయనే సంతకం పెట్టాడు.

ఎలా చేశారో రాస్తాను, మా లాంటివాళ్ళకు పనికొస్తుంది. వీల్‌చెయిర్‌లో చిన్న గదికి తీసుకుపోయారు. కుడి చేతి వెనక, ముంజేతి మీద దూదితో తుడిచి స్టిక్కర్లు అతికించారు. చెవుల్లో దూది లాంటివి పెట్టారు, శబ్దం వస్తుందని. కాయిల్ ఎడమ వైపు తల మీద పెట్టారు. "టక్" అని శబ్దం, కర్ర మీద గోటితో కొట్టినట్టు. నాయన కనురెప్పలు అదిరాయి. తెర మీద గీత తిన్నగా పోయింది. మళ్ళీ టక్. ఏమీ లేదు. కాయిల్ కొంచెం జరిపారు, బలం పెంచారు. ఏమీ లేదు. నాకు కాళ్ళలో బలం పోయింది. గంగమ్మ_బిడ్డ అక్క రాసిన గీతే నా కళ్ళ ముందుంది.

అప్పుడు డాక్టర్ గారు ఒక దిండు తెచ్చి నాయన ఒడిలో పెట్టారు. రెండు చేతులతో గట్టిగా వాటేసుకోవాలి, రాకపోయినా ప్రయత్నం మాత్రం మానొద్దు అన్నారు. అలా ప్రయత్నిస్తుంటే దారి కొంచెం తెరుచుకుని ఉంటుందంట. కుడి చేతిని నేనే దిండు మీద పెట్టాను. నాయన పళ్ళు బిగించాడు, మెడ మీద నరాలు లేచాయి. టక్. గీత మధ్యలో చిన్న అల లేచింది. నేను పొరపాటు పడ్డాననుకున్నా. మళ్ళీ టక్, అదే చోట, అదే అల. ఇంకోసారి, మళ్ళీ అక్కడే.

వేలు కదలడం నా కంటికి కనబడలేదు. కానీ మిషన్‌కు కనబడింది. నాయనకు మాట సరిగ్గా రాదు కదా, ఎడమ చేత్తో డాక్టర్ గారి చొక్కా పట్టుకుని తెర వైపు చూపించి, "ఇంగోసారి" అన్నాడు. ఆరు రోజుల్లో స్పష్టంగా వచ్చిన మొదటి మాట అది.

డాక్టర్ గారు కూర్చునే చెప్పారు. దారి ఉంది, చాలావరకు వస్తుందని ఆశపడొచ్చు, నలుగురిలో ఒకరికి అంచనా తప్పుతుంది, మూడు నెలలు గట్టిగా పని చేయాలి. మునుపటిలా పోగు ముడి వేయగలడా అని అడిగాను. అది ఇప్పుడు చెప్పలేనమ్మా అన్నారు.

గంగమ్మ_బిడ్డ · రాత్రి 9:12

అమ్మకు చదివి వినిపించాను. చేతులు జోడించింది. ఒక చెయ్యి తను ఎత్తింది, రెండోది నేను ఎత్తిపెట్టాను.

తిరుపతి_ఫిజియో · రాత్రి 9:30

చాలా సంతోషం తల్లీ. ఇప్పుడు అసలు పని మొదలు. అల ఉంది కదా అని కూర్చుంటే చెయ్యి రాదు. ఎడమ చేత్తో అన్నీ చేసుకోవడం అలవాటు చేయొద్దు మీ నాయనకు, కుడి చెయ్యికే అవకాశం ఇవ్వాలి. బంతి పిసికించడం ఒక్కటే చేయించొద్దు, ముడుచుకోవడం తేలిగ్గానే వస్తుంది, తెరవడమే కష్టం. ఆయనకు తెలిసిన పని చేయించు. నూలు చుట్టే కండెలు, దారం, ఏది దొరికితే అది మంచం దగ్గర పెట్టు.

నగరి_మగ్గం · ఏడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 6:40

చాలా రోజులకు రాస్తున్నా, క్షమించండి. నగరికి వచ్చేశాం. నాయన కర్ర పట్టుకుని వీధి చివరి టీ కొట్టు దాకా నడుస్తున్నాడు. మాట తొంభై పాళ్ళు వచ్చింది.

మూడో వారంలో చూపుడు వేలు కదిలింది. ఇప్పుడు గ్లాసు పట్టుకుంటాడు, సగం నీళ్ళు ఉంటే తొణకకుండా తాగుతాడు. మీరు చెప్పినట్టే రోజూ కండె, దారం ముందర పెడుతున్నా. నిన్న రెండు పోగులు పక్కపక్కన పెట్టి బొటనవేలు, చూపుడు వేలి మధ్య నులిమాడు. ముడి పడలేదు. పోగులు కలిసి మాత్రం ఉన్నాయి. పక్కింట్లో మగ్గం ఆడుతోంది, ఆ శబ్దం వింటూ ఇరవైసార్లయినా చేసి ఉంటాడు.

ఒక ఇబ్బంది ఉందన్నా. వేళ్ళు దారాన్ని పట్టుకుంటున్నాయి గానీ వదలడం లేదు. ముడి వేయాలంటే పట్టుకుని వదలాలి కదా. ఎడమ చేత్తో విప్పుకోవాల్సి వస్తోంది. దానికి ఏం చేయించాలి?

తిరుపతి_ఫిజియో · సాయంత్రం 7:25

వదలడం చివర్లో వస్తుంది, చాలామందికి ఇదే వరుస. దారం సన్నం, ఇప్పుడే వద్దు. ముందు ఖాళీ కండెతో మొదలుపెట్టు. మణికట్టును బల్ల అంచు నుంచి కిందికి వేలాడేలా పెడితే వేళ్ళు వాటంతట అవే కొంచెం తెరుచుకుంటాయి. ఆ స్థితిలో కండె పట్టుకుని, కింద పెట్టిన చేటలోకి వదలమను. పూటకు యాభై. పడిన శబ్దం ఆయనకు వినబడాలి, అందుకే చేట. వచ్చే ఆదివారం వీడియో పెట్టు, మణికట్టు ఎంత కోణంలో ఉందో చూసి తర్వాతది చెబుతా.